రాత్రి కోసం కట్టిన కోళ్ళగూడు

కోనసీమలో రాజోలుకు దగ్గరగా ఉన్న మా ఇంటి పెరట్లో 12 కోళ్ళు పట్టే గూడును 2025 మే నెలలో ఇంటిల్లిపాదీ కలిసి కట్టుకున్నాము. వడ్రంగిని పిలవలేదు. చేయి తిరిగినవారు రెండు రోజుల్లో ముగించే పని మాకు 11 రోజులు పట్టింది. జూలైలో అందులో కొంత భాగాన్ని విప్పి మళ్ళీ కట్టవలసి కూడా వచ్చింది. అయినా ఆ గూట్లో ఏ కర్ర ఎందుకు ఉందో ఇప్పుడు మా తొమ్మిదేళ్ళ అబ్బాయిని అడిగినా చెప్పగలడు. సొంతంగా గూడు కట్టుకోవాలనుకునే కుటుంబాలకు మా కొలతలూ, మా పొరపాట్లూ రెండూ పనికివస్తాయన్న నమ్మకంతో జరిగింది జరిగినట్లు రాస్తున్నాను.

నిజానికి ఈ పనిని ఫిబ్రవరిలోనే మొదలుపెట్టాలనుకున్నాము. సరిగ్గా అప్పుడే గోదావరి జిల్లాల ఫారాల్లో కోళ్ళు గుంపులు గుంపులుగా చనిపోవడం, తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి మండలంలోని కానూరు నుంచి పంపిన నమూనాల్లో బర్డ్ ఫ్లూ ఉన్నట్లు భోపాల్ ప్రయోగశాల నిర్ధారించడం జరిగాయి. ఆ రోజుల్లో మా వీధిలో గుడ్డు కొన్నవారే లేరు. పశువైద్యుణ్ణి అడిగితే, కొత్త కోళ్ళను తెచ్చుకునే ఆలోచనను వర్షాకాలం మొదలయ్యే దాకా వాయిదా వేసుకోమన్నారు. ఆ వాయిదా మాకు మేలే చేసింది. నేను పనిచేసే పాఠశాలకు, పిల్లలకు ఒకేసారి వేసవి సెలవులు వచ్చాయి కనుక, కోళ్ళకంటే ముందు గూటిని గురించి ఆలోచించే తీరిక దొరికింది.

గూడు ఎలా ఉండాలన్న చర్చ ఇంట్లో వారం రోజులు నడిచింది. ఎనిమిదో తరగతి పూర్తిచేసిన మా అమ్మాయి రంగురంగుల గోడలు, చిన్న కిటికీలు ఉన్న బొమ్మరిల్లులాంటి గూడును కాగితం మీద గీసింది. మావారు మనిషి నిలబడగలిగినంత ఎత్తు షెడ్డు వేద్దామన్నారు. మా అత్తగారు మాత్రం అన్నీ విని, "కోడికి పగలంతా పెరడే ఇల్లు అమ్మాయ్, గూడు రాత్రికే" అన్నారు. ఆవిడ చిన్నతనంలో ఊళ్ళో చాలా ఇళ్ళలో కోళ్ళకు గూడే ఉండేది కాదట. చీకటి పడేసరికి వాటిని వెదురు గంప కింద మూసి, గంప మీద పొత్రం పెట్టేవారట. ఆ పొత్రం గాలికి గంప ఎగిరిపోకుండా పెట్టినది కాదు, పిల్లి మూతితో గంప అంచును ఎత్తకుండా పెట్టినది. ఆ మాటను నేను అప్పుడు ముచ్చటగా విన్నానే గాని, దాని పూర్తి అర్థం జూలై దాకా నాకు తెలిసిరాలేదు.

ముందుగా కోళ్ళ రకాన్ని నిర్ణయించుకున్నాము, ఎందుకంటే గూటి కొలత దాని మీదే ఆధారపడుతుంది. మా ప్రాంతంలో కోడి అనగానే సంక్రాంతి బరులు గుర్తుకురావడం సహజమే, కాని మాకు కావలసింది పిల్లల పళ్ళెంలోకి గుడ్లు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాల్లో గుడ్ల కోసం గ్రామప్రియను ఎంచుకున్నాము. మామూలు నాటుపెట్ట ఏడాదికి 50 నుంచి 70 గుడ్లు పెడితే ఇది అందుకు రెండింతలకు మించి పెడుతుంది. పొదుగుకు కూర్చోవడం మాత్రం అరుదు. ఈ రకం కోడికి రాత్రి పడుకోవడానికి సుమారు 2 చదరపు అడుగుల చోటు చాలు కనుక, 12 కోళ్ళకు 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు సరిపోతాయని లెక్క తేలింది.

స్థలం ఎంపికలో అత్తగారి మాటే నెగ్గింది. పెరటి చివర కొబ్బరి చెట్ల నీడ చల్లగా ఉంటుందని మేము అక్కడికే మొగ్గుచూపాము గాని, కొబ్బరికాయ పడితే రేకు చిల్లిపడుతుందనీ, వానాకాలంలో ఆ మూల మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయనీ ఆవిడ గుర్తుచేశారు. చివరకు వంటింటి కిటికీలోంచి కనబడేలా, మెరకగా ఉన్న వేపచెట్టు పక్కన ముగ్గు పోశాము. పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అలా ఉంటే పొద్దున, సాయంత్రం వచ్చే ఏటవాలు ఎండ ఇరుకైన పక్కల మీద మాత్రమే పడుతుంది, ఉత్తర దక్షిణాల పొడవాటి పక్కలను గాలికి తెరిచి ఉంచుకోవచ్చు.

కర్రలకు దూరం వెళ్ళనవసరం లేకపోయింది. సముద్రపు ఒడ్డు ఊళ్ళలో సరుగుడు తోటలున్నాయి కనుక, 9 అడుగుల కర్రలు ఆరు, సన్నవి ఓ ఇరవై ఆటోలో వేయించుకుని వచ్చాము. మా మామగారు కాలం చేసి ఏడేళ్ళయింది; ఆయన వాడిన రంపం, బాడిస, ఉలి, మూలమట్టం అటక మీద గోనెసంచిలో ఉన్నాయి. వాటిని దించి, తుప్పు వదిలించి, నూనె రాయడానికే మొదటిరోజు సరిపోయింది. మామగారి చేతి చెమటకు నల్లబడిన బాడిస పిడిని అత్తగారు చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. ఆ తరువాత పిల్లలకు దాన్ని ఎలా పట్టుకోవాలో, కాలు ఎక్కడ పెట్టకూడదో ఆవిడే చూపించారు.

నేలలోకి దిగే భాగానికి చెద పట్టకుండా ప్రతి కర్ర మొదలును రెండున్నర అడుగుల మేర పైపైన కాల్చి, చల్లారిన తరువాత తారు పూశాము. రెండు అడుగుల లోతు గోతులు తీసి, అడుగున ఇటుక ముక్కలు వేసి, కర్ర నిలబెట్టి, చుట్టూ కంకర కలిపిన సిమెంటు పోయాలన్నది ఏర్పాటు. సిమెంటు పోయడానికి ముందు నలుమూలలు సరిగా ఉన్నాయో లేదో చూడాలి కదా! అప్పుడు మా అమ్మాయి తన లెక్కల పుస్తకం తెచ్చింది. 6 అడుగులు, 4 అడుగులు భుజాలుగా ఉన్న దీర్ఘచతురస్రానికి మూల నుంచి మూలకు ఎంత ఉండాలో పైథాగరస్ సూత్రంతో లెక్కకట్టి, 7 అడుగుల 2న్నర అంగుళాలని చెప్పింది. టేపు పట్టి చూస్తే ఒకవైపు 7 అడుగులకు ఒక్క అంగుళం తక్కువ వచ్చింది, రెండోవైపు 7 అడుగుల 6 అంగుళాలు వచ్చింది. నాలుగు పక్కల కొలతలూ సరిగానే ఉన్నా గూడు మొత్తం ఒక పక్కకు ఒరిగిన చట్రంలా ఉందన్నమాట. కంటికి మాత్రం అది చక్కగానే కనబడింది. రెండు గోతులను పక్కకు వెడల్పు చేసి, కర్రలను జరిపి, మళ్ళీ కొలిచి, రెండు మూలకొలతలూ సమానమయ్యేదాకా అమ్మాయి ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం ఎండలో మాకు విసుగు వచ్చిన మాట నిజమే. కాని తరువాత పైకప్పు రేకులు, తలుపు, పలకలు ఒక్కటీ వంకరపోకుండా అతికినప్పుడు ఆ విసుగంతా మరిచిపోయాము.

గూటి నేల భూమికి రెండున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. అంత ఎత్తు ఎందుకంటే, మా నేల వానకు ఊరి తడిగా ఉంటుంది; పైగా గూటి కింద చీపురు ఆడే చోటు లేకపోతే అక్కడ పందికొక్కులు బొరియలు చేస్తాయి, పందికొక్కుల వెంట పాములు వస్తాయి. నేలకు వెదురు బద్దలు సందులు వదిలి పరిస్తే రెట్ట కిందికి జారిపోతుందని కొందరు చెప్పారు. ఆ సందుల్లోంచే ఎలుకలు, పాములు పైకి కూడా రాగలవు కనుక, మేము పాత తలుపు రెక్కలు రెండింటిని, ప్యాకింగు చెక్కను కలిపి సందు లేకుండా పలకలు కొట్టి, వాటి మీద మూడు అంగుళాల మందాన వరి ఊక పరిచాము. ఊళ్ళో రైసు మిల్లులు ఉన్నచోట ఊకకు కరువేముంది? వారానికోసారి దాన్ని కలియతిప్పి, తడిసిన చోట తీసి కొత్తది వేస్తాము. తీసిన ఊకను వెంటనే మొక్కల మొదళ్ళలో వేయకూడదు, పచ్చి కోడిరెట్ట వేడికి వేళ్ళు మాడిపోతాయి; రెండు మూడు నెలలు గుంటలో మగ్గనిచ్చి ఆ తరువాత కొబ్బరి పాదుల్లో వేస్తున్నాము.

తూర్పు, పడమర పక్కలను పూర్తిగా పలకలతో మూశాము. ఉత్తర, దక్షిణ పక్కల్లో కింద ఒకటిన్నర అడుగు పలకలు, ఆ పైన చూరు దాకా జాలీ. ఇక్కడే నేను, మావారు గట్టిగా వాదించుకున్నాము. చలికి, వానకు కోళ్ళు తట్టుకోలేవని ఆయన నాలుగు పక్కలా మూసేద్దామన్నారు. కోళ్ళకు వంటినిండా ఈకలుంటాయి, పొడిగా ఉన్నంతవరకు మన చలి వాటిని ఏమీ చేయలేదు. మూసిన గూట్లో రెట్టలోంచి వచ్చే అమ్మోనియా ఘాటే వాటి కళ్ళను, ఊపిరిని దెబ్బతీస్తుంది. తెల్లవారి తలుపు తెరిచి లోపలికి వంగినప్పుడు మన ముక్కు మండితే ఆ గూటికి గాలి చాలదని గుర్తు. చివరకు జాలీ అలాగే ఉంచి, జల్లు కొట్టినప్పుడు దించడానికి గోనెపట్టాలను తెరల్లా చుట్టి కట్టాలని ఒప్పందానికి వచ్చాము.

పైకప్పుకు 8 అడుగుల జి.ఐ. రేకులు మూడు పట్టాయి. ఉత్తరం వైపు ఎత్తుగా, దక్షిణం వైపు ఒక అడుగు పల్లంగా ఉంచి, చూరును రెండు వైపులా దాదాపు రెండడుగులు బయటికి వదిలాము. రేకు మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది కనుక దాని మీద తాటాకు పరిచి కొబ్బరి తాళ్ళతో కట్టాము. తాటాకు ఒక్కటే కప్పితే లోపలినుంచి ఎలుకలు గూళ్ళు పెడతాయి, కింద రేకు ఉంటే అవి గూట్లోకి దిగలేవు. రేకులను వాసాలకు మేకులతో కొట్టకుండా, రబ్బరు వాషర్లు వేసి జె-హుక్కులతో బిగించమని రేకులు అమ్మినాయనే సలహా ఇచ్చారు. ఆ మాట విన్నందుకు అక్టోబరులో ఆయనకు ప్రత్యేకంగా వెళ్ళి కృతజ్ఞతలు చెప్పి వచ్చాను.

లోపలి ఏర్పాట్లు పిల్లలవే. కోడి నేల మీద పడుకోవడం కంటే కర్రను కాళ్ళతో పట్టుకుని కూర్చోవడానికే ఇష్టపడుతుంది కనుక, రెండు అంగుళాల మందమున్న సరుగుడు కర్రలు రెండింటిని నున్నగా చెక్కి, నేలకు ఒకటిన్నర అడుగు ఎత్తున అడ్డంగా బిగించారు. కోడికి 8 అంగుళాల చొప్పున 12 కోళ్ళకు 8 అడుగుల కర్ర చాలు, మా రెండు కర్రలు కలిసి 12 అడుగులు. రెండింటినీ ఒకే ఎత్తులో పెట్టించడం అత్తగారి సూచన. ఒకటి ఎత్తు, ఒకటి పల్లం అయితే ఎత్తు కర్ర కోసం ప్రతి సాయంత్రం పొడుచుకుంటాయట. గుడ్లు పెట్టడానికి అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పెట్టెలు మూడు చేసి, కూర్చునే కర్రలకంటే కిందుగా పడమటి పలకకు తగిలించాము. అవి ఎత్తుగా ఉంటే కోళ్ళు రాత్రి అందులోనే పడుకుని గడ్డిని పాడుచేస్తాయి. పెట్టె మూత బయటినుంచి తెరుచుకునేలా పెట్టినందువల్ల అబ్బాయి గూట్లోకి దూరకుండానే గుడ్లు తీసుకోగలుగుతున్నాడు.

ఖర్చు మొత్తం 8,600 రూపాయలు దాటలేదు. అందులో సగానికి పైగా రేకులకు, జాలీకి అయింది.

జూన్ రెండో వారంలో ఆరు వారాల వయసున్న కోడిపిల్లలను, 11 పెట్టలు, ఒక పుంజు తెచ్చాము. ఒక్కరోజు వయసున్న కోడిపిల్లలు చవకగా వస్తాయి గాని వాటికి మొదటి వారంలో 35 డిగ్రీల వేడి, వారం వారం కొద్దికొద్దిగా తగ్గిస్తూ, బల్బుల కింద అందించాలి. మొదటిసారి పెంచుతున్న మాకు అది భారమనిపించింది. మూడు రోజులు వాటిని గూట్లోనే ఉంచి, మేత, నీళ్ళు లోపలే పెట్టి, నాలుగో రోజు సాయంత్రం ఒక గంట మాత్రం వదిలాము. చీకటి పడుతుండగా అవి ఒకటొకటిగా వాలుపలక ఎక్కి తమంతట తామే లోపలికి వెళ్ళడం చూసి పిల్లలు చప్పట్లు కొట్టబోతే, బెదురుతాయని అత్తగారు సైగ చేసి ఆపారు. ఎనిమిది వారాల వయసు రాగానే పశువుల ఆసుపత్రిలో కొక్కెర తెగులుకు ఆర్.టూ.బి. టీకా వేయించాము.

జూలై మూడో వారంలో, వాన కురుస్తున్న ఒక రాత్రి రెండు గంటలప్పుడు గూట్లో పెద్ద అలజడి వినిపించింది. మేము టార్చి పట్టుకుని వెళ్ళేసరికి ఉత్తరపు పక్క మూలలో జాలీ చినిగి వేలాడుతోంది. మూడు పెట్టలు చనిపోయి ఉన్నాయి, మిగిలినవి ఎదురు మూలకు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఒదిగి ఉన్నాయి. తడిమట్టిలో అడుగుజాడలు చూసి అది అడవిపిల్లి పని అని అత్తగారు చెప్పారు. మా అబ్బాయి ఆ మూడింటికీ పేర్లు పెట్టుకున్నాడు. వాడు రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. ఆ రెండు రోజులూ నాకు కూడా నిద్ర పట్టలేదు, ఎందుకంటే ఆ జాలీని ఎంచుకున్నది నేను.

మేము వాడింది తేనెపట్టు గళ్ళ కోళ్ళజాలీ. దుకాణంలో దాని పేరే అది కనుక, కోళ్ళకు అదే తగినదనుకున్నాను. ఆ జాలీ కోడిని బయటికి పోనివ్వకుండా ఆపుతుంది, అంతే. బయటినుంచి పళ్ళతో, గోళ్ళతో లాగే జంతువును ఆపే బలం దాని సన్నని తీగకు లేదు. పైగా మేము దాన్ని వంచిన మేకులతో, జానెడుకొకటి చొప్పున కొట్టాము. ఒక మేకు ఊడితే పక్కది, అది ఊడితే ఆ పక్కది. గంప మీద పొత్రం ఎందుకు పెట్టేవారో ఆ తెల్లవారుజామున నాకు అర్థమైంది. నేను గూటిని కోళ్ళు ఎలా ఉంటాయన్న ఆలోచనతో కట్టాను, రాత్రి దాని చుట్టూ ఎవరు తిరుగుతారన్న ఆలోచనతో కట్టలేదు.

ఆ ఆదివారం జాలీ మొత్తం విప్పేశాము. దాని స్థానంలో అర అంగుళం గళ్ళ వెల్డు జాలీ తెచ్చి, రెండు అంగుళాలకొక యు-మేకు కొట్టి, అంచుల మీద చెక్కపట్టీలు పరిచి మరలు బిగించాము. అర అంగుళం గడిలోంచి పిల్లి పంజా చొరబడదు, గుడ్ల కోసం వచ్చే జెర్రిపోతు తల కూడా దూరదు. తలుపుకు ఉన్న ఒక్క గడియ చాలదని కింద మరొకటి పెట్టి, రెండింటికీ కొక్కేలు తగిలించాము. చూరు కింద, రేకు వంపుల దగ్గర మిగిలిన సందులను వెతకడానికి మా అమ్మాయి ఒక మంచి ఉపాయం చేసింది. చీకటి పడిన తరువాత గూట్లో బల్బు వెలిగించి, వెలుతురు ఎక్కడెక్కడ గీతలా బయటికి వస్తుందో చూసి సుద్దముక్కతో గుర్తుపెట్టింది. జాలీ ఉన్నచోట్లు కాక మరో ఏడు సందులు బయటపడ్డాయి. వాటిలో ఒకటి తలుపు కింద, నా రెండు వేళ్ళు పట్టేంత ఉంది.

అక్టోబరు మూడో వారంలో మొదటి గుడ్డు వచ్చింది. చిన్నది, లేత గోధుమరంగుది. దాన్ని ఏం చేయాలో తేలేలోపే మొంథా తుఫాను వార్తలు మొదలయ్యాయి. 27న తాటాకు దించి కట్టగట్టాము, గోనెపట్టాలను దించి అడుగంచులను పలకలకు బిగించాము, రేకుల మీదుగా రెండు లావు తాళ్ళు వేసి నేలలో పాతిన గుంజలకు కట్టాము. 28 రాత్రి తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు మా పెరట్లో రెండు కొబ్బరిచెట్లు కూలాయి. అవి అత్తగారు గూడు వద్దన్న మూలలోనివే. తెల్లవారి తలుపు తెరిస్తే ఊక ఉత్తరం వైపు జానెడు మేర తడిసింది, ఈకలు కొంచెం రేగి ఉన్నాయి, తొమ్మిదీ కర్రల మీదే ఉన్నాయి. రేకు ఒక్కటి కూడా కదలలేదు.

ఇప్పుడు ఎనిమిది పెట్టల నుంచి రోజుకు నాలుగైదు గుడ్లు వస్తున్నాయి. అబ్బాయి తారీఖు వేసి నోటుపుస్తకంలో రాస్తున్నాడు. పొయ్యి బూడిద, ఇసుక కలిపి పాత టైరులో పోసి గూటి పక్కన పెడితే కోళ్ళు అందులో పొర్లి ఒంటి పేలు వదిలించుకుంటున్నాయి. వేసవి వచ్చేలోపు తాటాకు కొత్తది కప్పించి, మిగిలిన వెల్డు జాలీతో తూర్పు వైపు చిన్న ఆవరణ కట్టాలని ఉంది. మేము ఊరు వెళ్ళిన రోజుల్లో అవి పగలు కూడా భద్రంగా ఉండాలి. సాయంత్రం ఆరున్నరకు లెక్కపెట్టి గడియలు వేయడం అమ్మాయి పని. తొమ్మిది అని అరుగు మీద కూర్చున్న మామ్మకు వినిపించేలా చెప్పిన తరువాతే లోపలికి వస్తుంది.